కొంగు మీది మచ్చ

హైమకు ఒకటే బాధ. మాస్టారికి తన మీద ఇంకా నమ్మకం కుదరలేదు.

చేరి ఏడాదిన్నర దాటింది. ఆ ఆసుపత్రి నేలమాళిగలో ఆమె అంత చురుగ్గా పనిచేసేవాళ్ళు ఇంకొకరు లేరు. ఆ మాట డాక్టర్లే అన్నారు. నరం దొరకని ముసలివాళ్ళకు కూడా ఒక్క పోటుతో సూది ఎక్కించేది. మిగతావాళ్ళు రోజుకు పది స్కాన్లు తీస్తే ఆమె పద్నాలుగు తీసేది. అయినా సరే, పొద్దున్నే మందు కలపడం పూర్తయ్యేసరికి మాస్టారు దైవసహాయం గారు గుమ్మంలో నిలబడి అదే మాట అడిగేవారు.

"కాగితం పెట్టావా, అమ్మాయ్?"

పెట్టానంటే "ఊఁ" అనేవారు. అంతే. బాగుందని గాని, బాగాలేదని గాని ఒక్క ముక్క అనేవారు కారు. ఆయన నోటి నుంచి మెప్పు పొందడమంటే గొడ్డుటావును పితకడమేనని మిగతా స్టాఫ్ నవ్వుకునేవారు.

అది విశాఖలో కొండవాలున కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి. పై అంతస్తుల్లో పనిచేసేవాళ్ళకు కిటికీలోంచి సముద్రం కనబడుతుంది. వీళ్ళది అందరికంటే కింద, మందపాటి గోడల వెనక. అక్కడ కిటికీలే లేవు. దైవసహాయం గారు ఆ గోడల మధ్య ఇరవై ఎనిమిదేళ్ళుగా ఉన్నారు. సన్నటి మనిషి. ఎప్పుడూ తెల్ల పొట్టిచేతుల చొక్కా. ఉద్యోగం పేరు చీఫ్ టెక్నాలజిస్టు. కానీ పెద్ద డాక్టరు దగ్గర్నుంచి ఊడ్చే ఆదెమ్మ వరకూ అందరికీ ఆయన మాస్టారే.

వాళ్ళ పనంతా ఒక వింత పదార్థంతో. దాని పేరు టెక్నీషియం. భూమిని ఎంత తవ్వినా మన పనికి వచ్చేంత దొరకదు. మనిషే చేసుకోవాలి. పోనీ, చేసుకున్నాక దాచుకుందామా అంటే నిలవదు. ఆసుపత్రుల్లో వాడే రకమైతే ఆరు గంటలకు సగమైపోతుంది. ఇంకో ఆరు గంటలకు ఆ సగంలో సగం. ఇవాళ పొద్దున్న తీసింది రేపు పొద్దుటికి రూపాయిలో అణా వంతు మిగులుతుంది.

ఆ నిలవకపోవడమే దాని మంచితనం. రోగి ఒంట్లోకి ఎక్కిస్తే ఒక పూట ఉండి, కెమెరాకు తప్ప ఎవరికీ కనబడని వెలుగు ఇచ్చి, పని అయ్యాక తన దారిన తాను పోతుంది. దేనితో కలిపితే దాని వెంట వెళుతుంది. గుండెకు వెళ్ళే మందుతో కలిపితే గుండెకు, ఎముకలకు వెళ్ళే మందుతో కలిపితే ఎముకలకు. ఎముకలో ఎక్కడైనా రోగం పాకి ఉంటే అక్కడ ఎక్కువగా చేరుతుంది. తెర మీద అది నల్ల మచ్చగా కనబడుతుంది.

ప్రతి సోమవారం విమానంలో ఒక బరువైన సీసం డబ్బా వచ్చేది. అందులో మాలిబ్డినం ఉంటుంది. అది తల్లి. అది మెల్లగా తరిగిపోతూ టెక్నీషియంను కంటూ ఉంటుంది. పొద్దున్నే డబ్బాలోకి ఉప్పునీళ్ళు పంపితే ఆ నీళ్ళతో టెక్నీషియం బయటికి వస్తుంది. ఈ పని చేసేవాళ్ళు ఆ డబ్బాను ఆవు అంటారు, తీయడాన్ని పితకడం అంటారు. అందరికీ అది సరదా మాట. దైవసహాయం గారికి మాత్రం కాదు. ఆయన తండ్రి చీరాల దగ్గర నిజంగానే పాడి చేసి పిల్లల్ని చదివించాడు. పితికేటప్పుడు ఈయన ఎవరితోనూ మాట్లాడేవారు కారు. ఎవరైనా పలకరిస్తే, "పొదుగు దగ్గర మాట్లాడితే ఆవు చేపదు" అని ఊరుకునేవారు.

హైమకు ఈ చాదస్తమంతా ఓర్చుకోగలిగేదే. ఓర్చుకోలేనిది కాగితం పరీక్ష.

పితికిన టెక్నీషియంను చిన్న సీసాలోని మందు పొడిలో కలుపుతారు. రెండూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయా లేదా అన్నది కంటికి తెలియదు. అందుకని వేలెడంత కాగితం ముక్క చివర ఒక చుక్క వేసి, అడుగున కాస్త ద్రవం ఉన్న సీసాలో నిలబెట్టాలి. మందును పట్టుకున్న టెక్నీషియం కిందే ఉండిపోతుంది. పట్టుకోకుండా విడిగా తిరిగేది ద్రవంతో పాటు కాగితం పైకి పాకుతుంది. అప్పుడు కాగితాన్ని రెండుగా కత్తిరించి, ఏ ముక్కలో ఎంతుందో కొలవాలి. దీనికంతా పది నిమిషాలు పడుతుంది.

"ఏడాదిన్నరలో ఒక్కసారైనా తప్పు వచ్చిందా మాస్టారూ?" అని ఒకరోజు అడిగేసింది. "ఆలస్యం అమృతం విషం అంటారు. మన మందు విషయంలో అది అక్షరాలా నిజం. మనం కాగితం చూస్తూ కూర్చుంటే అవతల అది తరిగిపోతూనే ఉంటుంది."

దైవసహాయం గారు కళ్ళజోడు తుడుచుకుంటూ విన్నారు. "కాగితం పెట్టు" అని వెళ్ళిపోయారు.

ఇది జరిగిన వారానికి ఒక శుక్రవారం వచ్చింది.

శుక్రవారం నాటికి ఆవు దాదాపు వట్టిపోతుంది. ఉన్న కాస్తనూ అందరికీ సర్దాలి. ఆ రోజు జాబితాలో పదహారు మంది ఉన్నారు. మాస్టారిని పొద్దున్నే పైకి, మీటింగుకు పిలిచారు. గుమ్మంలో అడిగేవాళ్ళు లేరు. హైమ చకచకా పితికింది, చకచకా కలిపింది. మందు సీసాలోంచి సిరంజిలోకి లాగేముందు, చేతి అలవాటు కొద్దీ సీసాలోకి కాస్త గాలి పొడిచింది. ఇక్కడికి రాకముందు ఆమె ఏడాదిపాటు ఇంజెక్షన్ల గదిలో పనిచేసింది. అక్కడ అందరూ అలాగే చేస్తారు, అలా చేస్తే మందు సులువుగా వస్తుంది. ఇక్కడ మాత్రం అది కూడదు. ఈ సీసాలోకి గాలి వెళితే పొడి పట్టు సడలిపోతుంది. ఆ సంగతి ఆమెకు తెలియక కాదు. పరీక్షలో రాసింది, మార్కులూ తెచ్చుకుంది. చేతికి గుర్తు రాలేదు, అంతే.

కాగితం పెట్టలేదు.

నాలుగో రోగి పేరు అప్పలనర్సమ్మ. నలభై ఏళ్ళుంటాయి. పూడిమడక వైపు నుంచి ఒక్కతే వచ్చింది. రొమ్ములో గడ్డ. ఎముకలకు పాకకపోతే వచ్చే వారంలో ఆపరేషన్ చేస్తామన్నారు. పాకితే ఇక కత్తి పెట్టరు, మందులతో ఎన్నాళ్ళు గడిస్తే అన్నాళ్ళు.

"తోడెవరూ రాలేదా?" అంది హైమ, సూది తీసి దూది అదుముతూ.

"మావోడు ఏటకెల్నాడమ్మా. సముద్రం మీదున్నోడికి కబురెలా సెప్తాను?"

"మూడు గంటలు ఆగాలి. నీళ్ళు బాగా తాగు. పిలుస్తాను."

అప్పలనర్సమ్మ బల్ల మీద కూర్చుంది. మూడు గంటల్లో హైమ ఆ దారిన ఏడెనిమిదిసార్లు నడిచింది. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంటోందని చూసింది. ఆ బల్ల మీద కూర్చునేవాళ్ళలో సగం మంది అదే పని చేస్తారు కాబట్టి ఆగలేదు.

కెమెరా కిందికి పంపేముందు రోగికి ఆసుపత్రి గౌను తొడగాలి. అది మాస్టారి నియమం. కానీ గౌను చూడగానే అప్పలనర్సమ్మ చీర గట్టిగా పట్టుకుంది.

"ఇదిప్పమనకమ్మా, నీకు పున్నెముంటాది."

పన్నెండు మంది ఇంకా వెనకే ఉన్నారు. చీరలో ఇనుము లేదు, పిన్నులు తీసేసింది. సరేలెమ్మనుకుంది హైమ. అప్పలనర్సమ్మ కొంగు తిప్పి ఎడమ నడుం దగ్గర దోపుకుని మంచం మీద పడుకుంది. కెమెరా తల దగ్గర మొదలై మెల్లగా కాళ్ళ వైపు కదిలింది.

తెర మీద బొమ్మ గీత గీతగా దిగింది. పుర్రె, మెడ, పక్కటెముకలు. గొంతు కాస్త నల్లగా ఉంది. పొట్టలోనూ ఏదో నలుపు. హైమ కళ్ళు వాటి మీద ఒక్క క్షణం నిలిచాయి గాని, అంతలోనే ఎడమ తుంటి దిగింది. తుంటి ఎముక మీద ఉసిరికాయంత నల్ల మచ్చ.

మందు కలిసిన మూత్రం చుక్క గుడ్డ మీద పడినా అలాంటి మచ్చే వస్తుంది. అది హైమకు తెలుసు. అందుకే మంచం దగ్గరికి వెళ్ళి అడిగింది. స్కానుకు ముందు కడుక్కుని, తుడుచుకునే వచ్చానంది అప్పలనర్సమ్మ. చీర అక్కడ చూసింది. మరకేమీ లేదు.

"ఏటైనా కనిపించిందా అమ్మా?"

"డాక్టరు గారు చెబుతారు," అంది హైమ. అలాగే అనాలి, అంతకుమించి అనకూడదు.

అప్పలనర్సమ్మ ఆమె మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత చూపు పైకప్పు వైపు తిప్పుకుంది.

"నా తోడబుట్టిన అప్పకి కూడా ఇలాగే సెప్పినారమ్మా. ఈ మంచం మీదే."

ఇక ఏమీ అడగలేదు. ఏడవనూ లేదు. మూడు గంటలు ఏడ్చిన మనిషి, అప్పుడు మాత్రం చేతులు రెండూ పక్కన పెట్టుకుని కదలకుండా పడుకుంది.

ఆ సమయానికి దైవసహాయం గారు కిందికి దిగారు. హైమ తెర చూపించింది. గొంతులో బాధ ఉంది. దాని అడుగున, ఇంత త్వరగా పట్టుకున్నానన్న చిన్న గర్వమూ ఉంది. లేదంటే అబద్ధమవుతుంది.

"ఎడమ తుంటికి పాకింది, మాస్టారూ."

ఆయన తెరను ఎంతసేపు చూశారంటే, ఆమె కాళ్ళు మార్చుకుని నిలబడాల్సి వచ్చింది. చివరికి వేలితో గొంతు దగ్గర తాకారు. తర్వాత పొట్ట దగ్గర తాకారు. ఆమె వైపు చూడకుండా లోపలికి వెళ్ళారు.

"అమ్మా, నీ చీర ఒక్క పది నిమిషాలు అరువియ్యాలి."

అప్పలనర్సమ్మ తల తిప్పింది. "సీరెందుకు బాబూ?"

"దానికీ ఫొటో తీస్తాను."

ఆ మాటకు ఆవిడ నవ్విందో, ఏడుపే అలా వచ్చిందో తెలియదు గాని, పెదవి కదిలింది. ఆదెమ్మ గుడ్డ తెర అడ్డం పెట్టి గౌను తొడిగింది. దైవసహాయం గారు చేతులకు తొడుగులు వేసుకుని చీర అందుకున్నారు. ఖాళీ మంచం మీద దాన్ని పరిచారు. పడుకున్న మనిషి ఒంటి మీద ఎలా ఉంటుందో అలాగే పరిచారు. కొంగు తెచ్చి ఎడమ నడుం దగ్గరకు చేర్చారు. నిద్రపోతున్న వాళ్ళకు దుప్పటి సర్దినట్టు సర్దారు. కెమెరా నడిపించారు.

హైమ తెర ముందే ఉంది. తల ఉండాల్సిన చోట ఏమీ లేదు. పక్కటెముకలు ఉండాల్సిన చోట ఏమీ లేదు. గీత గీతగా తెల్లటి తెర దిగుతోంది. దిగి, దిగి, నడుం దగ్గరకు వచ్చేసరికి నల్ల మచ్చ. ఉసిరికాయంత. మనిషి లేదు, మచ్చ ఉంది.

"చీరకు కూడా ఎముకలుంటాయా, అమ్మాయ్?" అన్నారు దైవసహాయం గారు.

గౌనులో ఉన్న అప్పలనర్సమ్మను మళ్ళీ పడుకోబెట్టి తీస్తే తుంటి శుభ్రంగా ఉంది.

మాస్టారు పొద్దున్న మిగిలిన మందు సీసా, ఒక కాగితం ముక్క, కత్తెర తెచ్చి ఆమె ముందు పెట్టి పక్కకు తప్పుకున్నారు. హైమ చుక్క వేసింది. నిలబెట్టింది. పది నిమిషాలు కూర్చుంది. ఏడాదిన్నరలో అంత పొడుగు పది నిమిషాలు ఆమెకు ఎదురుకాలేదు. కత్తిరించి కొలిచింది. మూడో వంతు పైకి పాకి ఉంది.

మందును పట్టుకోని టెక్నీషియం ఎముకలకు వెళ్ళదు. గొంతులోని గ్రంథికి పోతుంది, పొట్టకు పోతుంది, లాలాజలంలోకి పోతుంది. కన్నీళ్ళలోకి కూడా పోతుంది.

"గాలి పొడిచాను, మాస్టారూ."

"ఊఁ."

"ఇప్పుడేం చెయ్యను?"

"ఆవిడకు చెప్పు. మిగతావాళ్ళకూ చెప్పు." వెళ్ళబోతూ ఆగారు. "నోరు మూసుకున్నావమ్మాయ్. బాగానే ఉంది. మొహం మూసుకోలేదు."

హైమ వెళ్ళి అప్పలనర్సమ్మ ముందు నేల మీద కూర్చుంది. తప్పు తనదేనంది. మందు సరిగ్గా కలపలేదంది. తుంటి దగ్గర కనబడింది రోగం కాదు, కొంగుకు అంటిన కన్నీళ్ళు అంది. సోమవారం కొత్త మందుతో మళ్ళీ చూడాలి, అప్పటిదాకా మంచీ చెడూ ఏదీ చెప్పలేనంది.

అప్పలనర్సమ్మ తన కొంగు కోసం చెయ్యి చాపింది. అక్కడ గౌను తప్ప ఏమీ లేదు.

"నా కన్నీల్లా అమ్మా? కన్నీల్లకి అంత నలుపుంటాదా?"

హైమ తల వంచుకుంది.

"ఆ సీర మా అప్పదమ్మా. రెండేల్ల కిందట ఇక్కడికి అదే కట్టుకొచ్చింది. నానే తీసుకొచ్చినాను. బల్ల మీద కూకుంటే అదే గుర్తొచ్చింది. నా కోసం కాదమ్మా నానేడ్చింది."

చీర వెంటనే ఇవ్వడానికి లేదు. అంటిన టెక్నీషియం తరిగిపోయేదాకా సీసం బీరువాలో ఉంచాలి. దైవసహాయం గారు దాన్ని మడత పెట్టి సంచిలో వేసి, పైన చీటీ అంటించారు. రోగి సామానుకు నంబరు రాస్తే చాలు. ఆయన మాత్రం పేరుతో రాశారు. 'అప్పలనర్సమ్మ గారి అక్కగారి చీర' అని రాశారు.

సోమవారం కొత్త ఆవు వచ్చింది. హైమ కాగితం పెట్టింది. అప్పలనర్సమ్మ మళ్ళీ వచ్చింది, ఈసారి మొగుడు వెంట ఉన్నాడు. స్కాను శుభ్రంగా వచ్చింది. ఆపరేషన్ జరిగింది. వెళ్ళేముందు చీర కోసం వచ్చినప్పుడు హైమ దాన్ని కొలిచే యంత్రం ముందు పెట్టి చూసింది. మచ్చ లేదు, ఏమీ లేదు. చీర తీసుకుని అప్పలనర్సమ్మ కొంగు చివర ఒకసారి మొహానికి ఆనించుకుంది.

ఆ తర్వాత మూడేళ్ళు గడిచాయి.

హైమ గాలి పొడవడం మళ్ళీ చేయలేదు. గౌను లేకుండా ఎవరినీ మంచం ఎక్కించలేదు. కొత్తగా చేరినవాళ్ళను గుమ్మంలో నిలబడి "కాగితం పెట్టావా?" అని అడగడం కూడా మొదలుపెట్టింది. వాళ్ళు వెనక నవ్వుకునేవారు. మాస్టారు మాత్రం ఎప్పటిలాగే. ఆమె ఎంత బాగా చేసినా "ఊఁ". అది విని విని ఆమె దానికి అలవాటుపడిపోయింది, ఇక మెప్పు కోసం చూడటమే మానేసింది. ఆ మాట తనకు తాను చెప్పుకునేది గాని, నిజం కాదు.

రిటైర్మెంటు ఇంకా నాలుగు నెలలుందనగా దైవసహాయం గారు గోడ పట్టుకుని నడవడం ఆమె గమనించింది. అడిగితే నడుం నొప్పి అన్నారు. సీసం డబ్బాలు మోసిన నడుం, నొప్పి రాక ఏమవుతుందన్నారు. రెండు నెలలు అదే మాట. ఆఖరికి పెద్ద డాక్టరు బలవంతంగా రక్తపరీక్ష చేయించాడు. ప్రొస్టేట్ గ్రంథి దగ్గర ఏదో ఉందన్నాడు. చీటీ రాశాడు. ఎముకల స్కాను.

మంగళవారం పొద్దున ఆయన తెల్ల చొక్కాతోనే వచ్చి, రోగుల బల్ల మీద వరసలో కూర్చున్నారు. ముందు తీస్తామంటే ఒప్పుకోలేదు. "నా నంబరు ఆరు," అన్నారు.

హైమ పితికింది. ఎవరూ మాట్లాడలేదు. కలిపింది. కాగితం పెట్టింది. నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు మందునే పట్టుకుని ఉంది. నమ్మకం చాలక ఇంకో కాగితం పెట్టింది. అదే వచ్చింది. అప్పుడు బల్ల దగ్గరికి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది. సన్నటి చెయ్యి, తేలికగా దొరికే నరం. అయినా రెండో పోటు కావలసి వచ్చింది.

"కాగితం పెట్టావా, అమ్మాయ్?"

"రెండు పెట్టాను మాస్టారూ."

"ఊఁ."

మూడు గంటల తర్వాత ఆయన తనంతట తానే గౌను తొడుక్కుని వచ్చి మంచం మీద పడుకున్నారు. పడుకోవడానికి చాలాసేపు పట్టింది. హైమ దిండు సర్దుతుంటే ఆయన తువ్వాలు అడిగి తీసుకుని కళ్ళ మీద కప్పుకున్నారు.

"వెలుగు ఎక్కువగా ఉందా మాస్టారూ?"

"కాదు. నీ మొహం నేను చూడను. తాపీగా చేసుకో."

కెమెరా కదిలింది. పుర్రె శుభ్రంగా దిగింది. మెడ శుభ్రంగా దిగింది. ఆ తర్వాత దిగినవాటిని హైమ లెక్కపెట్టలేదు. వెన్నెముకలో, పక్కటెముకల్లో, రెండు తుంటుల్లో. జొన్న కంకి మీద గింజల్లా ఉన్నాయి.

ఆమె లేచి లోపలికి వెళ్ళింది.

"మాస్టారూ, గౌనుకు ఏదో తడి అంటినట్టుంది. మార్చుకుంటారా?"

గౌనుకు తడి లేదని ఆయనకు తెలుసు. వెన్నెముకకు అంటుకునే తడి ఏదీ లోకంలో లేదనీ తెలుసు. ఆ విద్య ఆమెకు నేర్పింది ఆయనే.

"మారుస్తానమ్మా," అన్నారు.

నొప్పితో లేచారు. మార్చుకున్నారు. మళ్ళీ పడుకున్నారు. కొత్త గౌనులో కూడా అవే మచ్చలు, ఉన్నచోటనే.

ఆయన లేచి కుర్చీలో కూర్చున్నాక హైమ మొదటి గౌను తెచ్చి ఖాళీ మంచం మీద పరిచింది. చేతులు పక్కకు, అంచులు కాళ్ళ వైపుకు. ముడతలు సరిచేసింది. సరిచేస్తుంటే కళ్ళలోంచి నీళ్ళు రెండు మూడు చోట్ల దాని మీద పడ్డాయి. ఆ తడి కెమెరాకు కనబడదు. అందులో టెక్నీషియం లేదు.

కెమెరాను తలవైపు నుంచి కాళ్ళ దాకా నడిపింది. తెర తెల్లగా దిగింది. ఇంకోసారి నడిపింది, ఇంకా నెమ్మదిగా. మళ్ళీ తెల్లగానే దిగింది. బయట ఇంకా ముగ్గురున్నారని, వాళ్ళ ఒంట్లో మందు తరిగిపోతోందని ఆమెకు తెలుసు. అయినా మూడోసారి మీట నొక్కబోయింది.

వెనక కుర్చీ జరిగిన చప్పుడు. దైవసహాయం గారు గోడ పట్టుకుని వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు. తెర మీద ఒక పక్క ఆయన బొమ్మ, ఇంకో పక్క ఖాళీ గౌను. ఆయన రెంటినీ చూశారు, రోజూ ఎవరివో బొమ్మలు చూసినట్టే. వెన్నెముక మీద ఆయన చూపు ఎక్కువసేపు నిలవలేదు.

చెయ్యి చాపి, వేలితో తన బొమ్మలో గొంతు దగ్గర తాకారు. అక్కడ తెల్లగా ఉంది. పొట్ట దగ్గర తాకారు. అక్కడా తెల్లగా ఉంది.

"మందు చాలా బాగా కలిపావు, తల్లీ," అన్నారు.